చేపల మీద ఉప్పు

గాజు తొట్టిలో చేపలు పెంచే ఇళ్ళంటే నాకు గిట్టదు. ఇంటివాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, హాల్లో అడుగు పెట్టగానే ఆ గాలి పంపు గుడగుడ వినిపించిందంటే నా మొహం మాడిపోతుంది. ఇది చాదస్తమని మా పిల్లలు అంటారు. అననీ. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయిన మనిషికి చేపల మీద పగ ఏమిటని నవ్వుతారు. నా పగ చేపల మీద కాదు. వాటిని అడ్డం పెట్టుకుని ఒక మనిషిని నంజుకు తిన్నవాళ్ళ మీద.

మొన్న పులివెందులకు పోక తప్పలేదు. మా పెదనాన్న కొడుకు సామ్యేలన్న అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహ ప్రతిష్ట ప్రార్థనకు నువ్వు రాకుంటే ఎట్ల అని ఫోన్లో ఒకటే పోరు పెట్టాడు. పోయాను. ప్రార్థన అయ్యింది, భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు సగం మంది సర్దుకున్నారు. హాల్లో గోడకు ఆనించి కొత్త చేపల తొట్టి, దాని పైన గోడకు మా పెద్దమ్మ ఫొటో. రెండింటికీ వీపు చూపించేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. అయినా అన్న వదల్లేదు.

"సరోజా, నువ్వు చదువుకున్నదానివి గదమ్మా. ఈ చేపలకు ఏందో అయినాది. రోంత చూడు."

చూశాను. రెక్కల మీద, తోక మీద, మొప్పల పక్కన తెల్లటి చుక్కలు, సన్న ఉప్పు చల్లినట్టు. ఒక చేప అడుగున ఉన్న గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది. ఈ మధ్య కొత్త చేపలు తెచ్చి వేశారా అని అడిగాను. కడప నుంచి తెచ్చామన్నాడు. అంతే సంగతి, కొత్తవాటితో వచ్చిన పురుగు ఇది, కంటికి కనిపించదు, చర్మంలో దూరి బతుకుతుంది, కొత్తవి తెచ్చినప్పుడు కొన్నాళ్ళు వేరే తొట్టిలో పెట్టి చూసుకోవాలి అని చెప్పాను. నేను చెప్పడం ముగించకముందే వాళ్ళ కోడలు ఫోన్లో ఫొటో పెట్టి వెతికి, పేరూ మందూ చదివి వినిపించింది. "ఆర్డర్ పెట్టేసినా అత్తా" అని కూడా అంది. అన్న టీ ఊదుకుని తాగుతూ, వానొస్తుందేమో అన్నంత మామూలుగా అడిగాడు.

"అప్పట్ల మన ప్రొద్దుటూరు ఇంట్లో చేపలకు వచ్చింది గూడా ఇదేనేమో గదా?"

"ఇదే" అన్నాను.

"అట్లనా" అన్నాడు. అని, బిర్యానీ గిన్నెలు వెనక్కి పంపించారో లేదో చూసుకోవడానికి లేచి పోయాడు.

అట్లనా! ఒక ఇల్లు రెండు ముక్కలయిన సంగతికి ఆ ఇంటి పెద్దకొడుకు దగ్గర ఉన్న మాట అదొక్కటే. తిరుగు బస్సులో వేంపల్లె దాటే దాకా నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

ప్రొద్దుటూరులో మాది ఉమ్మడి ఇల్లు. మా నాయన దేవదానం ప్రైమరీ స్కూలు టీచరు. ఆయన అన్న జీవరత్నం, అంటే మా పెదనాన్న, కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా చాలా ఏళ్ళు చేసి, ఇంక చాలని తిరిగొచ్చాడు. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు టేప్‌రికార్డర్లూ కంబళ్ళూ సెంటు సీసాలూ తెచ్చుకునేవాళ్ళు. పెదనాన్న అవన్నీ తెచ్చాడు గానీ ఆయన మనసు మాత్రం ఆ షేకు హాల్లో ఉన్న చేపల తొట్టి దగ్గరే ఆగిపోయింది. దాని ముందర నిలబడినప్పుడల్లా డ్రైవరునన్న సంగతి మరిచిపోయేవాణ్ణని అనేవాడు. వచ్చిన ఏడాదే బెంగళూరు నుంచి అంతటి తొట్టి తెప్పించాడు. వరిగడ్డిలో చుట్టి లారీలో వచ్చింది. చెక్క స్టాండు, పైన ట్యూబులైటు, నోరు తెరుస్తూ మూస్తూ బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి. బంగారు రంగు చేపలు, నల్ల చేపలు, గాలిపటాల్లాంటి పలచటి చేపలు. మా వీధిలో ఎవరి ఇంటికి చుట్టాలొచ్చినా, ఆ చుట్టాలను వెంటబెట్టుకుని మా హాల్లోకి వచ్చేవాళ్ళు. పెదనాన్న లుంగీ మడిచి కట్టుకుని, కుర్చీ తొట్టికి ఎదురుగా వేసుకుని, ఒక్కో చేప గుణం చెప్పేవాడు. మేత డబ్బా మూత తీస్తే ఎండు రొయ్యల వాసన హాలంతా కమ్మేది. పొద్దున ఉగ్గాని తిన్నా, రాత్రి సంగటి తిన్నా నాకు ఆ వాసనే తగిలేది.

తొట్టి ఆయనది, చూసి మురిసేది ఆయన. నీళ్ళు మోసేది మా అమ్మ.

మా పెరట్లో బోరింగు ఉండేది. అందులో వచ్చేవి ఉప్పునీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తల స్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచయిపోతుంది. మంచినీళ్ళకు వీధి చివరి కొళాయి దగ్గరికి పోవాలి. అవి రోజూ రావు, వచ్చినా చీకటితోనే వచ్చి పొద్దెక్కే లోపల ఆగిపోతాయి. చేపలకు మంచినీళ్ళే కావాలన్నాడు పెదనాన్న. అవి కూడా నేరుగా పోయకూడదు, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజు గంగాళంలో ఉంచి అప్పుడు పోయాలి. ఆ గంగాళం నింపడం, ఉంచడం, పాత నీళ్ళు కొంత తీసి కొత్తవి పోయడం అన్నీ అమ్మ మీద పడ్డాయి. ఎవరూ అప్పజెప్పలేదు. ఆ ఇంట్లో పనులు ఎవరూ అప్పజెప్పకుండానే అమ్మ మీద పడేవి. చేపలకు మంచినీళ్ళు పోసి, తను బోరింగు నీళ్ళతో తల రుద్దుకునేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏం రూతమ్మా, మీ ఇంట్లో చేపలకు దప్పికెక్కువ, మనుషులకు తక్కువా?" అమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చి నాయనతో మాత్రం అనేది, "మెడ పట్టేసింది, ఈ చేపల కొలువు నావల్ల కాదు. మీ అన్నకు చెప్పండి" అని. నాయన సరేననేవాడు. చెప్పేవాడు కాదు.

మా నాయనకు ఊళ్ళో మంచి పేరు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, పిల్లల్ని కొట్టడు, చర్చి సంఘంలో ఏ పక్షమూ పట్టడు. ఆ మంచితనానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో ఊరికి తెలియదు.

ఇక మా పెద్దమ్మ, మార్తమ్మ. ఆవిడ చేతిలో బీరువా తాళాలు, కొంగులో అమృతాంజనం డబ్బా. నిలువెత్తు మనిషి. ఆవిడ ఎవరితోనూ పోట్లాడదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెప్పేస్తుంది. చాపల మీద అందరం మోకరించి కళ్ళు మూసుకున్నాక ఆవిడ గొంతు లేచేది. "ప్రభువా, ఈ ఇంట్లో కొందరికి నూనె ఒలకబోసే గుణం ఉండాది, దాన్ని తీసెయ్యి తండ్రీ. పుట్టింటికి మాటలు మోసే నాలుకను అదుపులో పెట్టు తండ్రీ." పక్కన అమ్మ తల వంచుకుని ఉండేది. దేవుడితో చెబుతున్న మాటకు మనిషి ఎట్లా అడ్డొస్తుంది? చివర అందరం ఆమేన్ అనాలి. అమ్మ కూడా అనాలి. ఇన్నేళ్ళలో నేను విన్న వాటిలో అంత నీచమైన తిట్టు మరొకటి లేదు. బజారులో బూతులు తిట్టుకునే ఆడవాళ్ళు ఆవిడ కంటే శుభ్రమైనవాళ్ళు.

క్రిస్మస్‌కు పెద్దమ్మ తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చాడు. బావకు కానుక అని గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో ఎర్రటి చేపలు రెండు తెచ్చాడు. వెంటనే తొట్టిలో వదిలారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఏడు చలి కూడా గట్టిగానే పడింది. పండగ కేకులు అయిపోయేసరికి పాత చేపలు మేత దగ్గరికి రావడం మానేశాయి. రెక్కలు ఒంటికి అతుక్కుపోయినట్టు ముడుచుకుని, బుడగల దగ్గర చేరి మూతులు పైకెత్తి గాలికి కొట్టుకునేవి. ఉన్నట్టుండి ఒకటి కిందికి దూకి రాళ్ళకు ఒళ్ళు గీరుకునేది. తరువాత చుక్కలు వచ్చాయి. ముందు తోక మీద ఒకటీ అరా, ఆ పైన ఒళ్ళంతా. నల్ల చేపల మీద మరీ స్పష్టంగా, ఎవరో గుప్పెడు ఉప్పు తీసుకుని చల్లినట్టు.

పెదనాన్న పిచ్చివాడయిపోయాడు. పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తితే, ఆయన బర్రెలకయితే రాస్తాను గానీ చేపలకు నాకేం తెలుసప్పా అని తిప్పి పంపాడు. ఎవరో చెప్పారని పసుపు కలిపాడు. తొట్టి సాంబారు రంగుకు తిరిగింది, చుక్కలు పోలేదు. బెంగళూరుకు ట్రంకాల్ చేస్తే బావమరిది దొరకలేదు. రోజూ పొద్దున ఒకటో రెండో చేపలు వెల్లకిలా తేలేవి. పెదనాన్న వాటిని అరచేతిలో తీసుకుని పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చేవాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆయన మీద నాకు జాలే కలిగింది, ఆ సంగతి దాచను. ఆయన ఆ ఇంట్లో మనసారా ఇష్టపడింది ఆ చేపలనే.

కానీ జాలి చాలదు గదా, కారణం కావాలి. కారణం పెద్దమ్మకు దొరికింది. ఒక సాయంత్రం ప్రార్థనలో ఆవిడ గొంతు సన్నబడింది. "ప్రభువా, నోరు లేని జీవాలకు మంచినీళ్ళని చెప్పి ఉప్పునీళ్ళు పోసిన చేతులను నువ్వు ఎరుగుదువు. ఆ ఉప్పు వాటి ఒంటి మీద తేల్చి నువ్వే సాక్ష్యం చూపించినావు, స్తోత్రం."

నేను కళ్ళు తెరిచేశాను. అమ్మ కూడా తెరిచింది. నేను చూసినంతలో ఆమె ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడం అదే మొదటిసారి.

"ఏందక్కా అంటాండావు?"

"ప్రార్థనలో మాట్లాడగూడదు."

"నన్నేగదా అంటాండావు. నేను పోసింది కొళాయి నీళ్ళే."

పెద్దమ్మ తీరిగ్గా ఆమేన్ చెప్పి లేచి కూర్చుంది. "మరి ఆ ఉప్పు యాడ నుంచి వచ్చినాది? ఆకాశం నుంచి రాలినాదా? కొళాయి కాడికి పోను ఒళ్ళు వంగక బోరింగు నీళ్ళు కొట్టి పోసినావు. మెడ నొస్తాంది, నావల్ల కాదని నువ్వు సణుక్కోల్యా? నేను వినల్యా?"

"సణుక్కున్న్యా. మోసిందీ నేనే."

"అయితే బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పు. ఉప్పునీళ్ళు పొయ్యలేదని."

ఆవిడే లోపలికి పోయి పెద్ద బైబిలు తెచ్చి చాప మీద పెట్టింది. అది మా జేజినాయన కాలం నాటిది, పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప బయటికి తీయరు. పెదనాన్న తల తిప్పుకుని తొట్టి వైపు చూస్తున్నాడు. అమ్మ బైబిలు వైపు చూసి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"చేపల కోసం నేను దీన్ని ముట్టుకోను" అంది. "నా మాట చాలకుంటే పోనీ."

"చూసినారా, ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతాదో తెలుసు గదా!"

అప్పుడు మా నాయన లేచాడు. ఒక్క క్షణం నా గుండె పొంగింది. ఇప్పుడు వదిన మీద అరుస్తాడు, అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోతాడు అనుకున్నాను. ఆయన వచ్చి బైబిలు ముందర మోకరించాడు. కుడి చెయ్యి దాని మీద పెట్టి, "నా భార్య ఉప్పునీళ్ళు పొయ్యలేదు. దేవుడు సాక్షి" అన్నాడు. అని వదిన వైపు తిరిగి, "చాలునా వదినా? ఇంక ఇడిసిపెట్టండి" అన్నాడు, బతిమాలుతున్నట్టుగా.

పెద్దమ్మకు చాలింది. మొగుడు ప్రమాణం చేయాల్సి వచ్చిందంటే పెళ్ళాం నేరం చేసినట్టేనని మరునాటికి సంఘంలో సగం మందికి చేరేసింది. తెల్లవారి అమ్మ కొళాయికి పోలేదు. గంగాళం బోర్లించి పెట్టింది. నా పుస్తకాలు సంచిలో సర్ది, నన్ను తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. అమ్మ పుట్టిల్లు కొండాపురం దగ్గరి పల్లె. ఇప్పుడది గండికోట రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. అప్పటికి ఊరు ఉన్నా పుట్టింట్లో పెద్దవాళ్ళు లేరు. అందుకని జమ్మలమడుగులో ఉన్న ఒక పిన్నమ్మ పంచన చేరాం. నాయన కొంతకాలానికి బదిలీ పెట్టించుకుని మా దగ్గరికి వచ్చాడు. పండగలకు ఒక్కడే ప్రొద్దుటూరు పోయి అన్నను చూసి వచ్చేవాడు. తొట్టిలో చేపలన్నీ పోయాయని ఒకసారి వచ్చి చెప్పాడు. అమ్మ వింటూ చెనిక్కాయలు వలుచుకుంటూ ఉంది.

నేను డిగ్రీకి ప్రొద్దుటూరు కాలేజీలో చేరి, రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. జువాలజీ ఎందుకు తీసుకున్నావంటే టీచరుద్యోగం కోసమని అందరికీ చెప్పాను. ఒకనాడు ప్రాక్టికల్స్‌లో మా లెక్చరరు ఎవరి ఇంటి తొట్టిలో నుంచో ఒక జబ్బు చేపను గాజు సీసాలో తెచ్చాడు. సీసాలోకి వంగి చూశాను. అవే చుక్కలు. ఆయన బ్లేడు వెనక వైపుతో చేప ఒంటి జిగురును కొంచెం గీకి, గాజుపలక మీద చుక్క నీళ్ళలో కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్కరినీ చూడమన్నాడు. నా వంతు వచ్చింది. గుండ్రటి జీవి ఒకటి, ఒళ్ళంతా సన్నటి నూగుతో, మెల్లగా బొంగరంలా తిరుగుతోంది. దాని మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో ఒక నల్లటి వంపు. తిరుగుతూనే ఉంది. మా ఇంటిని కూల్చింది ఇదా అనుకున్నాను. కంటికి ఆనని ఇంత పురుగును, ఎవరిమీదా కక్ష లేని ఈ జీవిని చూస్తూ, దాని కంటే మా పెద్దమ్మ ఎన్ని రెట్లు విషమో లెక్క కట్టుకుంటూ, వెనకవాళ్ళు తోసేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇది చేప చర్మంలో దూరి తింటుందనీ, బలిసి రాలి అడుగుకు పోయి వందలుగా చీలుతుందనీ, అవన్నీ ఈదుకుంటూ మళ్ళీ చేపలను పట్టుకుంటాయనీ లెక్చరరు చెప్పాడు. కొత్త చేపలతోనో నీటి మొక్కలతోనో వస్తుందట. చలికి చేపలు నీరసించినప్పుడు విజృంభిస్తుందట.

"ఉప్పునీళ్ళు పోస్తే వస్తుందా సార్?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "ఉప్పునీళ్ళు పోస్తే పోతుందమ్మా, రాదు. దీనికి మొదటి మందు ఉప్పే."

అప్పుడు నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. అమ్మ నిజంగానే బద్ధకించి బోరింగు నీళ్ళు కొంచెం కలిపి ఉంటే, ఆ చేపల్లో కొన్నయినా బతికేవేమో.

కాలేజీ వదలగానే నేరుగా పాత ఇంటికి పోయాను. వెళ్ళిపోయాక ఆ గడప ఎక్కడం అదే మొదలు. తొట్టి అక్కడే ఉంది. నీళ్ళు లేవు. సగం దాకా ఎర్రగడ్డలు పోసి పెట్టారు. పెద్దమ్మ వాటిని ఏరుతూ కూర్చుంది. నిలబడే ఉండి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. అది పురుగు, మీ తమ్ముడు తెచ్చిన చేపలతో వచ్చింది, ఉప్పునీళ్ళతో రాదు, మా అమ్మ ఏమీ చేయలేదు. ఆవిడ ఒక కుళ్ళిన గడ్డను పక్కకు వేసింది.

"మీ అమ్మ తట్టు నువ్వు మాట్లాడక ఎవరు మాట్లాడతారు? చదువుకున్నావు, ఏమన్నా చెప్తావు. అప్పుడు ఆ పురుగును ఎవరు చూసినారు?"

"ఉప్పునీళ్ళు పోసింది మాత్రం ఎవరు చూసినారు?"

"దేవుడు చూసినాడు" అంది.

లోపల గదిలో మంచం కిర్రుమంది. పెదనాన్న ఇంట్లోనే ఉన్నాడు, అంతా విన్నాడు. బయటికి రాలేదు. ఎర్రగడ్డల బుట్టను కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది, తన్ని ఉండాల్సింది.

పోతే పోయింది, ఆవిడ నమ్మకుంటే మాకేం, అనుకుంటూ బస్సెక్కాను. ఇంట్లోవాళ్ళ కోసం నా దగ్గర ఇంత పెద్ద కబురు ఉంది. జమ్మలమడుగులో దిగి దాదాపు పరిగెత్తాను. నాయన వరండాలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. అమ్మ గడప లోపల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టి, మైక్రోస్కోపు, గుర్రపు నాడా, కొత్త చేపలు, ఉప్పు మందు అన్నీ చెప్పాను. నాయన పెన్ను పక్కన పెట్టి, చివరిదాకా విన్నాడు. ఆయన మొహంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. హాయిగా ఊపిరి వదిలి అమ్మ వైపు తిరిగాడు.

"అయితే నువ్వు నిజంగానే ఉప్పునీళ్ళు పొయ్యలేదన్న మాట!"

అమ్మ చేతిలో చేట ఆగింది. నాకు ముందు అర్థం కాలేదు. నాయనకు కూడా కాలేదు, ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. అమ్మ చేట కింద పెట్టి ఆయన్ని చూసింది. ఆమె ఆయన్ని ఎప్పుడూ మీరనే పిలిచేది. ఆ సాయంత్రం అనలేదు.

"అయితే ఆ పొద్దు బైబిలు మీద చెయ్యి పెట్టి ఏమని చెప్పినావు?"

నాయన మొహం మీద నవ్వు జారిపోవడం నేను చూశాను. "అది కాదు రూతమ్మా... మెడ నొస్తాందంటివి గదా. ఎప్పుడన్నా ఒక బిందె పోసింటావేమో అనుకుంటి. పోసినా తప్పేముంది లే అనుకుంటి..."

"నమ్మకుండానే ప్రమాణం చేసినావు."

"రచ్చ ఆగల్లని చేసినా."

"నన్ను అడగాల్సింది. ఒక్కసారన్నా నన్ను అడగాల్సింది" అంది అమ్మ. చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు అన్నం ఎప్పటిలాగే వండింది, ఎప్పటిలాగే వడ్డించింది. నేను తినకుండా కూర్చుంటే, తినమని నన్ను కసిరింది.

పెద్దమ్మ శత్రువు. శత్రువు ఏమన్నా అంటుంది, అది ఆవిడ పని. కానీ అన్నేళ్ళు అమ్మ పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి, ఆమె కోసం దేవుడి ముందర చెయ్యి చాచిన మనిషి, ఆ చేతి కింద అనుమానం దాచుకున్నాడు. దాన్ని త్యాగమని కూడా అనుకున్నాడేమో. అప్పటి నుంచి నా కోపమంతా పెద్దమ్మను వదిలి ఆయన మీదికి మళ్ళింది. మంచివాడని ఎవరైనా ఆయన్ని పొగిడితే నాకు అక్కడ నుంచి లేచిపోవాలనిపించేది. అమ్మ మాత్రం ఒక్క మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. అంతకు ముందు ఆదివారాలు ఇద్దరూ ఒకే బైబిలు తీసుకుని గుడికి పోయేవాళ్ళు. ఆ తరువాత అమ్మ తన కోసం చిన్న బైబిలు ఒకటి కొనుక్కుంది. అంతే మార్పు. ఇల్లు గడిచింది, నా ఉద్యోగం, నా పెళ్ళి అన్నీ జరిగాయి.

ఇప్పుడు ఏ చేపకు చుక్క లేచినా ఫోను ఒక నిమిషంలో పేరు చెప్పేస్తుంది. మందు ఇంటికే వస్తుంది. పులివెందుల కోడలి మీద ఎవరూ నింద వెయ్యలేదు, వేస్తే ఊరుకునే పిల్ల కూడా కాదు. కొళాయిలు ఇళ్ళలోకి వచ్చాయి, బిందెలు మోసి మెడలు పట్టేయడం తగ్గింది. ఇవన్నీ మంచివే, కాదనను. కానీ మా ఇంట్లో ఆనాడు లోపించింది పురుగు పేరు కాదు. ఆ పేరు తెలిసిన సాయంత్రమే మా ఇంటికి అసలు దెబ్బ తగిలింది. పక్కనున్న మనిషిని నమ్మడానికి ఏ ఫోనూ అక్కర్లేదు, ఏ మైక్రోస్కోపూ అక్కర్లేదు. ఆ కాలం వాళ్ళు మమతలున్నవాళ్ళని, ఇప్పుడు అవి కరువయ్యాయని నా వయసువాళ్ళు రాస్తుంటారు. నేను రాయలేను.

నాయన పోయాక జ్ఞాపకార్థ కూడిక జమ్మలమడుగులోనే పెట్టాం. గుడి నిండిపోయింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, సంఘపెద్దలు, ప్రొద్దుటూరు నుంచి సామ్యేలన్న. ఒక్కొక్కరే లేచి దేవదానం సారు ఎంత శాంతమూర్తో చెప్పారు. చివర పాస్టరుగారు అమ్మ వైపు తిరిగి, అమ్మగారూ, మీరు ఆయన గురించి ఒక సాక్ష్యం చెప్పండి అన్నారు. అమ్మ చెప్పదులే అనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"ఆయనకు నా మీద నమ్మకం తక్కువ" అంది. "అయినా నా చేతి నీళ్ళు కడదాకా తాగినాడు. నాకూ ఆయన మీద అంతే. అయినా కడదాకా పోసినాను. ఇద్దరం అట్లనే బతికినాం. దేవుడు గడిపించినాడు."

కూర్చుంది. వెనక బెంచీలో ఎవరో అలవాటుగా స్తోత్రం అన్నారు, పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఇంటికొచ్చాక నేను కోపంగానే అడిగాను, అంతమందిలో అట్లా ఎందుకన్నావమ్మా అని.

అమ్మ తెల్ల చీర మడత పెడుతూ, నా వైపు చూడకుండానే అంది.

"సాక్ష్యం చెప్పమన్నారు గదా. మరి అబద్ధం చెప్పల్లనా?"